యాదమ్మ డ్యూటీ ఎన్నింటికి దిగుతుంది? – మూస పాత్రలు, ప్రేక్షకుడి మమకారం గురించి ఒక సమాధానం

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు ఒకసారి తిరిగి చెబుతాను, పొరబడి ఉంటే సరిదిద్దండి. మీరు ఇరవై ఐదు నిమిషాల లఘుచిత్రానికి స్క్రిప్టు రాశారు. ప్రధాన పాత్ర యాదమ్మ. నలభై ఐదేళ్ళ మనిషి, పాలమూరు నుంచి వచ్చి కూకట్‌పల్లి అపార్టుమెంట్లలో ఇంటిపని చేసుకుంటోంది. మొదటి ప్రతిలో ఆమెకు తాగుబోతు భర్త, ఫీజు కట్టవలసిన కూతురు, ఉంగరం దొంగిలించిందన్న నింద ఉన్నాయి. చదివిన మిత్రులు ఇది మూస పాత్ర అన్నారు. రెండో ప్రతిలో మీరు భర్తను తీసేసి, యాదమ్మ చేత ఇంగ్లీషు మాట్లాడించి, నింద వేసిన యజమానురాలి నోరు ఆమె చేతనే మూయించారు. ఇప్పుడు మూస అని ఎవరూ అనడం లేదు గాని, యాదమ్మ ఏమైపోతుందోనన్న ఆదుర్దా కూడా ఎవరికీ లేదు. మూసను తప్పించుకుంటే మమకారం పోతోంది, మమకారం కావాలంటే మూస వచ్చి కూర్చుంటోంది, దారేది అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్ళుగా సినిమాలకు, ఈమధ్య వెబ్ సిరీస్‌లకు రచనా విభాగంలో పని చేస్తున్నాను. అందులో సగం కాలం ఇతరులు రాసిన స్క్రిప్టులు చదివి ఎక్కడ కుంటుతున్నాయో చెప్పే పనే చేశాను. ఆ అనుభవంతో చెప్పగల మొదటి మాట మీకు కష్టంగా తోచవచ్చు: మీరు రాసినవి రెండు ప్రతులు కావు, ఒకటే ప్రతి. పనిమనిషి అనగానే లోకం ఏమనుకుంటుందో ఆ ఊహకు మీ మొదటి యాదమ్మ తల ఊపింది, రెండో యాదమ్మ తల అడ్డంగా తిప్పింది. ఇద్దరూ లోకం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతున్నారు తప్ప, ఇద్దరిలో ఎవరికీ పొద్దున ఆరు గంటలకు సొంతంగా చేసుకోవలసిన పని ఒకటి ఉన్నట్టు స్క్రిప్టులో కనబడదు. అచ్చును తిరగేసి పోసినా వచ్చేది పోత బొమ్మే.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక సినిమాకు వాచ్‌మన్ పాత్ర రాశాను. శ్రీకాకుళం యాస పెట్టాను, తలకు మఫ్లరు చుట్టాను, చేతికి బీడీ ఇచ్చాను. సెట్లో అతని ప్రతి రెండో మాటకూ నవ్వులు పడ్డాయి, నేనూ మురిసిపోయాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర పలాస వైపు నుంచి వచ్చిన ఒక లైట్‌మన్ నా పక్కన కూర్చుని, ఎంతో మర్యాదగా, "రైటరుగారూ, మా నాన్న కూడా వాచ్‌మనేనండి. ఈయన డ్యూటీ ఎన్నింటికి దిగుతాడండి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అతను ఎత్తిపొడవడానికి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. తండ్రి రాత్రి డ్యూటీ దిగి ఇంటికి చేరే వేళకు పిల్లలు బడికి బయలుదేరేవారట, అందుకని ఆయనను మెలకువగా చూసిన రోజులే తక్కువ అని తరువాత తనే చెప్పాడు. నా వాచ్‌మన్ నోటినిండా శ్రీకాకుళం ఉంది గాని అతనికి నిద్ర లేదు, ఇల్లు లేదు, గేటు మూసి ఉన్నప్పుడు తలలో తిరిగే ఆలోచన ఒక్కటీ లేదు. ఆ సీను అలాగే విడుదలయింది, జనం అలాగే నవ్వారు. అప్పటి నుంచి నా చేతికి వచ్చిన ప్రతి స్క్రిప్టులోనూ నేను మొదట వెతికేది ఆ లైట్‌మన్ అడిగిన ప్రశ్నకు జవాబే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే ఈ చర్చ రాగానే చాలామంది మూస అనేదే పాపం అన్నట్టు మాట్లాడతారు. కంసాలి బంగారం కరిగించే మూస నుంచి మనకు ఈ మాట వచ్చింది. ఇంగ్లీషువారి స్టీరియోటైపు కూడా పోతపనికి చెందిన మాటే: పేర్చిన అక్షరాల మీద అచ్చు తీసి, అందులో కరిగిన లోహం పోసి, ముద్రణకు వాడుకునే పలకకు ప్రెస్సు వాళ్ళు పెట్టుకున్న పేరది. అమెరికా పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ 1922లో ఆ మాటను తెచ్చి, మనుషుల గురించి మన తలల్లో ముందే కట్టిపెట్టి ఉన్న బొమ్మలకు తగిలించాడు. మనం చూసి తెలుసుకోవడం కన్నా, ముందే తెలుసుకున్నామనుకుని ఆ తరువాత చూడడమే ఎక్కువ అన్నది అతని వాదం. అయితే ఆ బొమ్మలు లేకుండా మనిషి రోజు గడవదని కూడా అతను గ్రహించాడు. ఎదురైన ప్రతి మనిషినీ మొదటి నుంచి తెలుసుకునే తీరిక ఎవరికుంది?

తెరకైతే ఆ తీరిక అసలే లేదు. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెర మీదికి రాగానే ఊరంతా గుర్తు పట్టేది, పరిచయానికి ఒక్క నిమిషం కూడా ఖర్చయ్యేది కాదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ నిలబడే వంతలిద్దరిలో ఒకరు హాస్యానికీ ఒకరు రాజకీయానికీ అని ముందే పంపకం ఉంటుంది. కావ్యశాస్త్రం రాసిన ఆలంకారికులు నాయకుణ్ణి ధీరోదాత్తుడనీ, ధీరలలితుడనీ నాలుగు రకాలు చేశారు, నాయికలను ఎనిమిది అవస్థల్లో నిలిపారు. రకం చెప్పడం వాళ్ళకు నామోషీ కాలేదు, ఎందుకంటే అది పాత్రకు గుమ్మం మాత్రమే. ఆ గుమ్మం దాటించి లోపలికి తీసుకుపోవలసిన పని కవిదీ నటుడిదీ. మీ లఘుచిత్రంలో లిఫ్ట్ దగ్గర ఒక్క షాటులో కనిపించే సెక్యూరిటీ గార్డుకు ఫ్లాష్‌బ్యాక్ పెట్టవలసిన పని లేదు. అతను రకంగానే ఉండనివ్వండి. అందరికీ లోతు ఇవ్వబోయి ఎవరికీ ఇవ్వకుండా పోయిన స్క్రిప్టులు నేను చాలా చదివాను.

మరి రకం ఎప్పుడు మూస అవుతుంది? నా లెక్కలో ఒక పాత్రను మాత్రమే చూసి ఇది మూస అని తేల్చడం కష్టం. మొదటి పాత్ర మూస కాదు, పదో పాత్ర మూస. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు తెలంగాణ మాటతో ఒక రాజకీయ నాయకుడి పాత్ర చేశారు. ఆయన పుట్టింది కృష్ణా జిల్లా కంకిపాడులో. అయినా ఆ మాటలోని తూగును, దాని వెనుక దాగిన కపటాన్ని ఆయన పట్టుకున్న తీరు అద్భుతం, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఇబ్బంది ఆ పాత్రలో లేదు, ఆ పాత్ర చుట్టూ ఉన్న ఖాళీలో ఉంది. ఆ కాలపు తెలుగు సినిమాల్లో అదే మాట మాట్లాడే డాక్టరు, ప్రేమికుడు, స్కూలు టీచరు, కూతురి పెళ్ళికి కంగారుపడే తండ్రి అరుదు. తెలంగాణ మాట రౌడీకీ హాస్యగాడికీ, రాయలసీమ మాట ఫ్యాక్షనిస్టుకూ, ఉత్తరాంధ్ర మాట ఇంట్లో పనివాళ్ళకూ కేటాయింపు అయిపోయి, కృష్ణా గోదావరి జిల్లాల మాట మాత్రం ఏ యాసా లేని తెలుగుగా చలామణి అయింది. యాస లేని మనిషి ఎక్కడైనా ఉంటాడా? ఈ పంపకంలో ప్రతి రచయితా తన వంతుకు ఒక్క పాత్రే రాశాడు, ప్రతి ఒక్కరికీ తన పాత్ర ప్రత్యేకంగానే తోచింది, నాకు నా వాచ్‌మన్ తోచినట్టు. వరసలో నిలబెట్టి చూసినప్పుడు గాని అది అచ్చు అని తెలియలేదు. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ పిల్ల అదే తెలంగాణ మాటతో ప్రేమించి, అలిగి, దెబ్బలాడి, కథానాయికగా నిలబడినప్పుడు అంతమంది సంబరపడడానికి కారణం ఆ పాత్రలోని చలాకీతనం ఒక్కటే కాదు, అన్నేళ్ళ ఖాళీ కూడా.

కాబట్టి మీ మిత్రులు మీ యాదమ్మను మూస అన్నప్పుడు, వాళ్ళు మీ స్క్రిప్టులో లేని తొమ్మిది మంది యాదమ్మలను కూడా లెక్క వేసుకుని అన్నారు. ఆ తొమ్మిది మందినీ మీరు మార్చలేరు. మీ చేతిలో ఉన్నది పదో మనిషి ఒక్కతే.

ఇక మమకారం సంగతి. దీనిలో ముందుగా విడదీయవలసినవి జాలి, సహానుభూతి. అయ్యో పాపం అనడానికి మనం కాస్త ఎత్తు మీద కూర్చుని ఉండాలి. మీ మొదటి ప్రతి అడిగింది దాన్ని: భర్త తాగాడు, అయ్యో, ఫీజు లేదు, అయ్యో, నింద పడింది, అయ్యో. జరిగేవన్నీ ఆమె మీద జరుగుతున్నాయి, ఆమె మాత్రం ఏమీ చేయడం లేదు. సహానుభూతికి ఎత్తు అక్కర్లేదు, పక్కన చోటు కావాలి. ఆమె ఏమి కోరుతోందో, దానికేమి అడ్డం పడుతోందో, ఇప్పుడు ఆమె ఏమి చేయబోతోందో మనం ఆమె పక్క నుంచి చూడగలగాలి.

దీనికి నేను తరచు చెప్పే ఉదాహరణ సినిమా కాదు, ఒక ప్రయోగం. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఒక చిన్న బొమ్మల చిత్రం తీసి కొందరికి చూపించారు. అందులో ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చిన్న వృత్తం, తలుపులాగా తెరుచుకునే భాగం ఉన్న ఒక దీర్ఘ చతురస్రం తప్ప మరేమీ లేవు. ఏమి చూశారో రాయమని అడిగితే, మొదటి జట్టులోని 34 మందిలో ఒక్కరు మాత్రమే దాన్ని గీతలూ కోణాలుగా వర్ణించారు. మిగిలిన వారికి అవి ప్రాణం ఉన్నవిగా, ఎక్కువమందికి మనుషులుగానే కనిపించాయి. పెద్ద త్రిభుజం దౌర్జన్యం చేసింది, వృత్తం భయపడింది, చిన్న త్రిభుజం దాని కోసం పోరాడింది. ముఖం లేదు, యాస లేదు, కులం లేదు, గతం లేదు, కన్నీళ్ళు అసలే లేవు. ఒక కదలికకు దిశ ఉంది, ఆ దిశకు అడ్డం ఉంది, అంతే. మీ రెండో యాదమ్మకు ఇంగ్లీషు ఉంది, తెగువ ఉంది, ఆత్మగౌరవం ఉంది. లేనిది దిశ. ఆ చిన్న త్రిభుజానికున్నపాటి కోరిక కూడా మీరు ఆమెకు ఇవ్వలేదు. కటువుగా అంటున్నందుకు ఏమీ అనుకోకండి.

కోరిక ఒక్కటి ఇస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. అది ఎంత విడిగా, ఎంత నిర్దిష్టంగా ఉందన్నది అసలు విషయం. ఇక్కడ మన భాషలోనే ఒక చమత్కారం ఉంది. ఇవాళ పత్రికల్లో సాధారణీకరణ అంటే ఒకరిని చూసి అందరినీ ఒకే గాటన కట్టడం, అంటే మూస పోయడం. కానీ వెయ్యేళ్ళ కిందట కాశ్మీర దేశపు ఆలంకారికుడు భట్టనాయకుడు సాధారణీకరణం అన్నది దాదాపు దీనికి ఎదురు దిక్కున ఉన్న సంగతి. రంగస్థలం మీద సీత దుఃఖం ఒక్క సీతదిగా ఉండిపోకుండా, చూసే ప్రతి సహృదయుడిదీ అయ్యే ప్రక్రియకు ఆయన పెట్టిన పేరది. ఆయన గ్రంథం మనకు దొరకకపోయినా, అభినవగుప్తుడు దాన్ని తీసుకుని చర్చించడం వల్ల ఆ ఆలోచన నిలిచింది. రెండు చోట్లా మాట ఒకటే గాని సాధారణమయ్యేది వేరు. మూస మనిషిని సాధారణం చేస్తుంది, రసం ఆ మనిషి అనుభవాన్ని సాధారణం చేస్తుంది. నా అనుభవంలో ఈ రెండోది జరగాలంటే మొదటిది జరగకూడదు, అంటే మనిషి ఎంత విడిగా ఉంటే అనుభవం అంత అందరిదవుతుంది. మీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు నిజానికి ఇదే, మిగిలినదంతా దీని వివరణ.

2023లో వచ్చిన 'బలగం' దీనికి దగ్గరి సాక్ష్యం. అందులో ఒక కుటుంబం ఏళ్ళ తరబడి చీలిపోయి ఉండడానికి కారణం ఆస్తి కాదు, హత్య కాదు, భోజనాల దగ్గర అల్లుడి వంతుకు రాని నల్లిబొక్క, అంటే మూలుగ ఉన్న ఎముక ముక్క. కథా చర్చల్లో ఈ మాట ఎవరైనా అంటే, ఇంత చిన్న కారణమా, జనం నమ్మరు, పొలం తగాదా పెడదాం అనే సలహా తప్పకుండా వచ్చేది. నేనే ఇచ్చి ఉండేవాణ్ణేమో. కానీ పొలం తగాదా అందరి కథ కాబట్టి ఎవరి కథా కాలేకపోయేది. నల్లిబొక్క ఆ ఒక్క ఇంటిదే కాబట్టి, మాంసం ముట్టని ఇళ్ళవాళ్ళకు కూడా తమ ఇంటి పంతాలు గుర్తుకు వచ్చాయి. ఇంకో సంగతి కూడా గమనించండి. అందులో ఆ ఇంటి మనవడు సాయిలు మంచివాడేమీ కాదు. తాత పోయిన ఇంట్లో అతనికి తాత మీద కన్నా తన పెళ్ళి ఆగిపోతుందేమోనన్న దిగులే ఎక్కువ. అయినా మనం అతని వెంట నడుస్తాం, ఎందుకంటే అతనికి ఉన్న అప్పు మనకు ముందే తెలుసు, అతని తలలో నడుస్తున్న లెక్క మనకు వినిపిస్తోంది. పాత్రను మంచిది చేస్తే ప్రేక్షకుడు దగ్గరవుతాడన్నది మన పరిశ్రమలో బాగా పాతుకుపోయిన భ్రమ. పాత్రకు తెలిసింది ప్రేక్షకుడికి తెలిస్తే అతను దగ్గరవుతాడు, మంచితనం తరువాతి సంగతి.

చెడ్డ పాత్ర విషయంలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. మీ యజమానురాలి కోసం కూడా ఈ మాట చెబుతున్నాను, ఆమె ప్రస్తుతం మీ స్క్రిప్టులో యాదమ్మ కన్నా పెద్ద మూస. తెలుగు తెర మీద గయ్యాళి అత్త అనే అచ్చు సూర్యకాంతం పేరు మీదే ఉంది, పిల్లలకు ఆ పేరు పెట్టడానికి జనం వెనకాడారన్న మాట మీరూ విని ఉంటారు. అదే సూర్యకాంతం 1962 నాటి 'గుండమ్మ కథ'లో సవతి కూతురి చేత పనిమనిషి చాకిరీ చేయిస్తుంది. ఆ ఎడమచేతి విసురు, ఆ గొంతు, అన్నీ మనకు తెలిసినవే. కానీ కథ చివరి భాగంలో ఛాయాదేవి వేసిన దుర్గమ్మ వచ్చి ఇంటి పెత్తనం లాక్కుని, గుండమ్మను గదిలో పెట్టి తాళం వేస్తుంది. ఆ ఇల్లు, ఆ వాకిలి, ఆ పెత్తనం అన్నీ ఉండి ఏమీ లేని మనిషిగా గుండమ్మను చూడగానే హాలులో జనం నాలుక కరుచుకుంటారు. గుండమ్మ మారిపోయి మంచి మాటలు చెప్పినందువల్ల కలిగిన జాలి కాదది. ఆమె ఇంతకాలం కోరుకున్నది ఇంట్లో తన మాట చెల్లడం ఒక్కటేనని, అది చేజారాక గాని మనకు తెలియకపోవడం వల్ల కలిగింది. అచ్చును ఎక్కడా విరగ్గొట్టకుండా, దాన్ని ఇంకో అచ్చుతో ఢీకొట్టించి లోపలి మనిషిని చూపించారు. ఈ పని ఎంత కష్టమో స్క్రిప్టు రాసేవాళ్ళకు తెలుస్తుంది. మీ యజమానురాలికి ఇంతటిది అవసరం లేదు గాని, యాదమ్మను అనుమానించే ఆ రోజు ఆమెకు ఇంకేదో బెంగ ఉందని ఒక్క ఫోనులోనైనా తెలియనివ్వండి.

పని చేసుకుని బతికే మనుషుల గురించి రాసేటప్పుడు మనవాళ్ళు చేసే మరో పొరపాటు, వాళ్ళ పేదరికాన్ని చూపించి పనిని వదిలేయడం. చేనేత అనగానే ఆకలి, అప్పు, ఆత్మహత్య వరసగా వచ్చేస్తాయి. 2019లో వచ్చిన 'మల్లేశం' ఆ దారి పట్టకుండా భుజం నొప్పిని పట్టుకుంది. చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఒక్క చీరకు ఆసు పోయాలంటే దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పుతూ దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడించవలసి వచ్చేది, రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. ఆ నొప్పి పోగొట్టాలనే కొడుకు ఏళ్ళ తరబడి తిప్పలు పడి 1999 నాటికి ఆసు యంత్రం తయారు చేసి, దానికి తల్లి పేరే పెట్టాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ చెయ్యి అలా ఆడుతూ ఉండడాన్ని కాసేపు తెర మీద చూస్తే చాలు, చూసేవారి భుజం తెలియకుండానే బరువెక్కుతుంది. పేదరికం చూస్తే జాలి కలుగుతుంది, పని చూస్తే మన ఒళ్ళు స్పందిస్తుంది. యాదమ్మ ఒక్క ఇంట్లో గిన్నెలు తోమడం మీరు మొత్తంగా, కోత లేకుండా, మాడిన కుక్కరు అడుగుతో సహా చూపించారా? మీ స్క్రిప్టులో 'యాదమ్మ గిన్నెలు తోముతూ ఉంటుంది' అని అరవాక్యం ఉంది, ఆ వెంటనే యజమానురాలి డైలాగు మొదలవుతుంది. ఎక్కడ చూడాలో ఆ అరవాక్యం చెప్పేసింది.

ఇప్పుడు మీ మూడో ప్రతికి నేనైతే ఏమి చేస్తానో చెబుతాను. ఇది ఒక దారి మాత్రమే, మీకు నచ్చకపోతే వదిలేయండి. ఉంగరం దొంగతనం తీసేస్తాను. పనిమనిషి మీద కథ అనగానే నిందే గుర్తుకు రావడం మనం ఆమెను యజమాని కళ్ళతో చూస్తున్నామనడానికి రుజువు. దాని బదులు, ఆ ఇంటివాళ్ళు వచ్చే నెల ఫ్లాటు ఖాళీ చేసి బెంగళూరు వెళ్ళిపోతున్నారని యాదమ్మకు వాళ్ళు చెప్పకుండానే తెలిసిపోయిందనుకుంటాను. ఎలా తెలిసిందో చివర చెబుతాను. ఆ ఇంటి జీతం ఆమె కూతురి ఫీజులో సగం. పొద్దున ఆరింటికి ఆ ఇంట్లో గిన్నెల ముందు నిలబడింది. వాళ్ళు చెబుతారేమోనని ఎదురు చూస్తోంది. వాళ్ళు కాఫీ తాగుతున్నారు, పప్పు ఎక్కువ వేయమంటున్నారు, రేపు కాస్త ముందు రమ్మంటున్నారు గాని ఆ మాట మాత్రం ఎత్తడం లేదు. ఆమెకు తెలుసని వాళ్ళకు తెలియదు, మనకు తెలుసు. ఇప్పుడు ఆమె కొళాయి తిప్పడం, గిన్నె బోర్లించడం, మేడం వంక ఒకసారి చూడడం కూడా సంభాషణే. నటి ముఖంలో ఏ భావమూ పలికించనక్కర్లేదు. పక్కపక్కన పెట్టిన షాట్ల నుంచి భావాన్ని ప్రేక్షకుడే పుట్టించుకుంటాడని సోవియట్ దర్శకుడు కులెషోవ్ వందేళ్ళ కిందటే ఒకే ముఖం షాటును వేర్వేరు షాట్ల పక్కన అతికించి చూపించాడు. కన్నీళ్ళు పెట్టిస్తే ప్రేక్షకుడు చేయవలసిన పనిని మీరే చేసేసినట్టవుతుంది, అప్పుడతను ఖాళీగా కూర్చుంటాడు.

యాస గురించి మీరు విడిగా అడిగారు. ప్రతి మాట ముందూ 'గ' తగిలించి గప్పుడు, గిట్ల, గంతే అని రాస్తే తెలంగాణ మాట కాదు, అది తెలంగాణ మాటను బయటి నుంచి విన్నవాడి వెక్కిరింత. పాలమూరు మాట కరీంనగర్ మాట కాదు, ఆదిలాబాద్ మాట అంతకన్నా కాదు. డైలాగులు రాశాక ఆ ప్రాంతపు మనిషి చేత, వీలైతే ఇంటిపని చేసుకునే ఒకామె చేత చదివించండి, ఆమె ఎక్కడ ఆగి నవ్వితే అక్కడ తప్పుంది. అంతకన్నా ముఖ్యమైనది, ఏ మనిషీ అందరితో ఒకే మాట మాట్లాడదు. మేడంతో "రేపు జల్ది వస్త మేడం" అని కుదించుకుని మాట్లాడే మనిషి, మెట్ల మీద కూర్చుని అక్కతో ఫోనులో మాట్లాడేటప్పుడు గొంతు విప్పుతుంది, సామెతలు వస్తాయి, బూతులూ రావచ్చు. కాలేజీకి పోయే కూతురి ముందు మళ్ళీ ఇంకో మాట, అక్కడ తడబాటు కూడా ఉంటుంది, ఎందుకంటే కూతురు తన మాటను దిద్దుతుందేమోనన్న బెరుకు. ఈ మూడు గొంతులనూ పది నిమిషాల్లో వినిపించారంటే ఆమెకు లోతు ఇవ్వడానికి వేరే సీను రాయనక్కర్లేదు. ఆ ప్రాంతపు నటినే పెట్టుకుంటే సమస్య తీరిపోతుందని కొందరు అంటారు. మాట నిజాయితీకి అది చాలా మేలు చేస్తుంది, నేనూ అదే సలహా ఇస్తాను. కానీ ఆమెకు మీరు ఇచ్చిన కాగితం మీద మేడం ఎదుట మాటలు తప్ప మరేమీ లేకపోతే, ఎంత మంచి నటి అయినా అచ్చులోనే నిలబడవలసి వస్తుంది.

భర్త సంగతి మీ ఇష్టం. తాగుబోతు భర్తలు లేరని కాదు, లెక్కకు మించి ఉన్నారు, అది వాస్తవం. అతన్ని ఉంచదలిస్తే తాగుడు తప్ప అతనికి ఇంకొక్క పని ఇవ్వండి. రాత్రి ఎంత తాగినా పొద్దున కూతురి సైకిలుకు గాలి కొట్టేవాడైనా సరే. తీసేయదలిస్తే మాత్రం, మూస అంటారన్న భయంతో తీసేయకండి.

ఇక యాదమ్మకు ఆ సంగతి ఎలా తెలిసిందన్నది. రెండో ప్రతిలో మీరు ఆమె చేత మాట్లాడించిన ఇంగ్లీషు నాకు నమ్మశక్యంగా లేదు గాని, దాన్ని పూర్తిగా పారేయకండి. పన్నెండేళ్ళుగా అపార్టుమెంట్లలో తిరుగుతున్న మనిషికి లిఫ్టులో అంకెలు, గ్యాసు సిలిండరు మీద కంపెనీ పేరు, గేటుకు వేలాడే బోర్డులు చూసి చూసి కళ్ళకు అలవాటై ఉంటాయి. ఆరోజు పొద్దున చీకట్లో లోపలికి వస్తూ ఆమె గేటు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. కొత్త టులెట్ బోర్డు, కింద ఫ్లాటు నంబరు. ఆ రెండు మాటలు, ఆ మూడంకెలు చదవగలిగేంత ఇంగ్లీషు ఆమెకు ఉంచి, మిగిలినదంతా కొట్టేయండి.